గీత దాటినా తేలని ఫలితం: బహ్రెయిన్ రన్నర్ మర్యం జమాల్ కెరీర్

ఆసియా క్రీడలు జరిగిన ప్రతిసారీ మధ్యదూర పరుగుల దగ్గర మన పాఠకులకు రెండు సందేహాలు వస్తుంటాయి. వైశాల్యంలో 800 చదరపు కిలోమీటర్లకు మించని, జనాభా సుమారు 15 లక్షలే ఉన్న బహ్రెయిన్ అనే దీవుల దేశం మహిళల 1500 మీటర్లలో వరుసగా బంగారు పతకాలు ఎలా గెలుస్తోంది? రేసు అయిపోయి, పతకాలు మెడలో వేసి, ఏళ్లు గడిచాక ఆ పతకాలు చేతులు మారడం ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే రన్నర్ కెరీర్‌లో జవాబులు దొరుకుతాయి. ఆమె మర్యం యూసుఫ్ జమాల్. రెండుసార్లు ప్రపంచ చాంపియన్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మూడో స్థానంలో గీత దాటి, చివరికి స్వర్ణ విజేతగా రికార్డుల్లోకి ఎక్కిన అథ్లెట్.

క్లుప్తంగా

జమాల్ ఇథియోపియాలో పుట్టి, స్విట్జర్లాండ్‌లో ఆశ్రయం కోరి, బహ్రెయిన్ పౌరురాలైంది. ఆమె గెలిచిన మూడు పెద్ద టైటిళ్లలో ఒక్క దాంట్లోనూ ట్రాక్ మీద మొదట వెలువడిన ఫలితం పూర్తిగా నిలవలేదు. రెండింటిని డోపింగ్ కేసులు మార్చాయి, ఒకదాన్ని రేసులో జరిగిన తోపులాట మార్చింది. పౌరసత్వ మార్పిడి నిబంధనలు 2018లో కఠినమయ్యాయి. శరణార్థి అథ్లెట్లకు 2016 నుంచి ఒలింపిక్స్‌లో వేరే దారి ఏర్పడింది. ఆమె కెరీర్ మొదలైన రోజుల్లో ఈ రెండూ లేవు.

ఆర్సీ కొండల నుంచి లొసాన్ దాకా

జమాల్ అసలు పేరు జెనెబెక్ తోలా. 1984లో ఇథియోపియాలోని ఒరోమియా ప్రాంతం, ఆర్సీ జోన్‌లో పుట్టింది. దూరపు పరుగులు చూసేవారికి ఆర్సీ పేరు కొత్త కాదు. హైలే గెబ్రెసెలాసీ, కెనెనిసా బెకెలె, తిరునేష్ దిబాబా ముగ్గురూ అక్కడివారే. సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఊళ్లలో గాలిలో ఆక్సిజన్ పలుచగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగి, అక్కడే పరిగెత్తిన వారి శరీరం ఆ కొరతకు అలవాటు పడుతుంది. దానికి తోడు పక్క ఊరి నుంచే ఒక ఒలింపిక్ చాంపియన్ వచ్చాడన్న నమ్మకం, పదుల సంఖ్యలో కలిసి సాధన చేసే గుంపులు ఉంటాయి. ఈ మూడూ ఒకేచోట కలిసిన ప్రాంతాలు ప్రపంచంలో చాలా తక్కువ.

అయితే ప్రతిభ ఎక్కువున్న చోట ఇంకో ఇబ్బంది ఉంటుంది. ఒలింపిక్స్‌లో ఒక ఈవెంట్‌కు ఒక దేశం నుంచి గరిష్ఠంగా ముగ్గురే దిగాలి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డిఫెండింగ్ చాంపియన్‌కు అదనంగా చోటు దొరికితే తప్ప అక్కడా అంతే. ఇథియోపియాలోనో కెన్యాలోనో నాలుగో స్థానంలో ఉన్న రన్నర్ ప్రపంచంలో పదిమందిలో ఒకరు కావచ్చు, అయినా ఇంట్లోనే ఉండిపోవాలి. ఆ రెండు దేశాల నుంచి అథ్లెట్లు బయటికి వెళ్లడానికి డబ్బు ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. ఈ మూడు సీట్ల నిబంధన కూడా అంతే బలంగా పనిచేస్తుందన్నది మరచిపోకూడదు.

జమాల్ విషయంలో ఇంకో కారణం ఉంది. ఆమె ఒరోమో తెగకు చెందిన వ్యక్తి. ఇరవై ఏళ్లు నిండకముందే స్విట్జర్లాండ్ చేరి లొసాన్‌లో రాజకీయ ఆశ్రయం కోరింది. అక్కడి స్థానిక రేసుల్లో పరిగెత్తింది, గెలిచింది. తర్వాతి రోజుల్లో ఆమె భర్తే కోచ్‌గా కూడా ఉన్నాడు. సమయాలు మెరుగవుతున్నా జట్టు లేదు. ఒలింపిక్స్‌లో పరిగెత్తాలంటే ఒక దేశం కావాలి, దేశం కావాలంటే పాస్‌పోర్ట్ కావాలి. అప్పటి స్విస్ చట్టం ప్రకారం సాధారణ పౌరసత్వానికి పన్నెండేళ్ల నివాసం ఉండాలి. మధ్యదూర రన్నర్ ఉచ్ఛస్థితి అన్నీ కలిసొస్తే ఏడెనిమిదేళ్లు. పన్నెండేళ్లు ఆగితే కెరీరే ఉండదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఆమెకు అలాగే చేజారాయి.

పాస్‌పోర్ట్ ఇచ్చిన దేశం

చివరికి పౌరసత్వం ఇచ్చింది బహ్రెయిన్. 2005 హెల్సింకి ప్రపంచ చాంపియన్‌షిప్ నాటికి జెనెబెక్ తోలా మర్యం యూసుఫ్ జమాల్ అయింది. 1500 మీటర్లలో ఐదో స్థానంలో నిలిచింది. ఆ రేసు గెలిచింది రష్యాకు చెందిన తాత్యానా తొమషోవా. ఈ పేరు మళ్లీ వస్తుంది.

అదే హెల్సింకిలో బహ్రెయిన్ తరఫున మొరాకోలో పుట్టిన రషీద్ రంజీ 800, 1500 మీటర్లు రెండూ గెలిచాడు. ఆ ఒక్క వారంతో బహ్రెయిన్ విధానం ప్రపంచానికి అర్థమైంది. ఆ దేశంలో ఎత్తయిన చోటు కూడా 140 మీటర్ల లోపే. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ 1500 మీటర్ల చాంపియన్‌ను మొదటి నుంచి తయారు చేయడం ప్రకృతిపరంగానే కష్టం. అందుకే తయారైన, లేదా తయారవుతున్న రన్నర్లకు పౌరసత్వం ఇచ్చి, సాధనకు తూర్పు ఆఫ్రికా కొండల్లోనో యూరప్‌లోనో ఏర్పాట్లు చేసే దారి ఎంచుకుంది. చిన్న దీవుల దేశాలన్నీ ఇలాగే చేస్తాయని కాదు. జమైకాలో 1910 నుంచి జరుగుతున్న స్కూల్ చాంపియన్‌షిప్ 'చాంప్స్' నుంచి తరతరాలుగా స్ప్రింటర్లు వస్తున్నారు. సెయింట్ లూసియా లాంటి రెండు లక్షల జనాభా దేశం కూడా జూలియన్ ఆల్‌ఫ్రెడ్ రూపంలో 2024 పారిస్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. కానీ స్ప్రింట్‌కు ఎత్తయిన ప్రదేశాలు అక్కర్లేదు, వందమంది తోటి రన్నర్లు అక్కర్లేదు. మధ్యదూర పరుగుకు ఆ రెండూ లేకపోతే ఒక దీవి నుంచి ప్రపంచ చాంపియన్ రావడం అరుదు.

ఇక్కడ గల్ఫ్‌తో అనుబంధం ఉన్న తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన విషయం ఒకటి చెప్పుకోవాలి. బహ్రెయిన్ 1963 పౌరసత్వ చట్టం ప్రకారం అరబ్బులు కానివారు పౌరసత్వానికి అర్హత పొందాలంటే 25 ఏళ్లు వరుసగా అక్కడ నివసించి ఉండాలి, అరబ్బులకైతే 15 ఏళ్లు. రాజు ఆదేశంతో ఈ గడువును పక్కన పెట్టే వీలు ఉంది. అథ్లెట్లకు వర్తించేది ఆ మినహాయింపే. నిజామాబాద్ నుంచో కడప నుంచో వెళ్లి మనామాలో సగం జీవితం గడిపిన కార్మికుడికి దొరకని కాగితం, పరుగులో ప్రతిభ ఉన్న విదేశీయురాలికి తక్కువ కాలంలో దొరుకుతుంది. ఇందులో రన్నర్ తప్పేమీ లేదు. పౌరసత్వాన్ని ఒక దేశం ఎవరికి, ఎందుకు తొందరగా ఇస్తుందన్నదే అసలు ప్రశ్న.

మూడు ఫైనల్స్

2006 ఆగస్టులో ఇటలీలోని రియెటీలో జమాల్ 1500 మీటర్లను 3 నిమిషాల 56.18 సెకన్లలో పూర్తి చేసింది. ఆమె అత్యుత్తమ సమయం అదే. ఇలాంటి సమయాలు పేస్‌మేకర్లు ఉన్న రేసుల్లో వస్తాయి. ముందు పరిగెత్తడానికి డబ్బులిచ్చి పెట్టుకున్న రన్నర్ మొదటి రెండు ల్యాప్‌లు వేగాన్ని నిలబెడుతుంది, గాలిని అడ్డుకుంటుంది, తర్వాత తప్పుకుంటుంది. ఒలింపిక్స్‌లో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పేస్‌మేకర్లు ఉండరు. ముందు నడిపించేవారికి శ్రమ ఎక్కువ, వెనక ఉండేవారికి తక్కువ. అందుకని ఎవరూ ముందుకు రారు, రేసు నెమ్మదిగా సాగి చివరి 400 మీటర్లలో పేలుతుంది. ఆ గుంపులో మోచేతులు తగులుతాయి, కాళ్లు చిక్కుకుంటాయి. వాటిని తప్పించుకుందామని రెండో లేన్‌లోకి వెళ్తే పూర్తి ల్యాప్‌కు సుమారు 7 మీటర్లు అదనంగా పరిగెత్తాలి. 1500 ఫైనల్ సగం సెకనులో తేలుతుంది కాబట్టి ఆ ఏడు మీటర్లు చాలా ఖరీదు.

2007 ఒసాకాలో జమాల్ ఈ లెక్కలన్నీ సరిగ్గా వేసుకుంది. 3 నిమిషాల 58.75 సెకన్లలో మొదట గీత దాటింది. మూడు పెద్ద టైటిళ్లలో ఆమె ట్రాక్ మీదే మొదటి స్థానంలో నిలిచింది ఇక్కడొక్కచోటే. రెండో స్థానంలో వచ్చిన రష్యా రన్నర్ యెలీనా సోబొలేవా ఫలితాన్ని తర్వాత రద్దు చేశారు. 2008లో బయటపడిన మూత్ర నమూనాల మార్పిడి కేసులో ఆమెతో పాటు తొమషోవా సహా మరికొందరు రష్యా మహిళా అథ్లెట్లు దొరికారు. పరీక్షకు ఇచ్చిన నమూనాల డీఎన్‌ఏ, ఆ పేరు మీదున్న అథ్లెట్ డీఎన్‌ఏతో సరిపోలలేదు.

2009 బెర్లిన్‌లో మొదట గీత దాటింది స్పెయిన్‌కు చెందిన నటాలియా రోడ్రిగెజ్. చివరి ల్యాప్‌లో ఇథియోపియా రన్నర్ గెలెటె బుర్కాకు, లోపలి అంచుకు మధ్య ఉన్న సందులోంచి ఆమె దూరబోయింది. బుర్కా కింద పడిపోయింది. న్యాయనిర్ణేతలు రోడ్రిగెజ్‌ను అనర్హురాలిగా ప్రకటించారు. 4 నిమిషాల 3.74 సెకన్లతో జమాల్‌కు స్వర్ణం వచ్చింది. బ్రిటన్‌కు చెందిన లీసా డోబ్రిస్కీ సెకనులో వందో వంతు తేడాతో రెండో స్థానంలో నిలిచింది. ఈ ఫలితం కనీసం ఆ రోజే తేలింది. లండన్ సంగతి అలా కాలేదు.

లండన్ 2012: ఏళ్ల తరబడి సాగిన రేసు

2012 ఆగస్టు 10 రాత్రి జరిగిన ఫైనల్ సమయాల పరంగా చాలా నెమ్మదైన రేసు. తుర్కియేకు చెందిన ఆస్లీ చాకిర్ ఆల్ప్‌తెకిన్ 4 నిమిషాల 10.23 సెకన్లతో గెలిచింది. ఆమె దేశానికే చెందిన గమ్జే బులుత్ 4:10.40తో రెండు, జమాల్ 4:10.74తో మూడు. తొమషోవా నాలుగు, అప్పుడు ఇథియోపియాకు ఆడుతున్న అబెబా అరెగావీ ఐదు, అమెరికాకు చెందిన షానన్ రౌబరీ ఆరు. సమానమైన పోటీలో పరిగెత్తుతున్నానన్న నమ్మకం తనకు లేదని అదే ఫైనల్‌లో ఆడిన డోబ్రిస్కీ ఆ రాత్రే టీవీలో చెప్పింది. ఓడిపోయిన అసూయతో అన్న మాటగా కొందరు కొట్టిపారేశారు.

జమాల్ కాంస్యానికి అప్పుడే ఒక ప్రత్యేకత ఉంది. రషీద్ రంజీ 2008 బీజింగ్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. నిల్వ చేసిన నమూనాను మళ్లీ పరీక్షిస్తే ఎర్రరక్త కణాలను పెంచే ఈపీఓ మందుల్లో కొత్త తరానికి చెందిన సెరా బయటపడింది. 2009లో పతకం పోయింది, అది కెన్యాకు చెందిన ఆస్బెల్ కిప్రోప్‌కు వెళ్లింది. కాబట్టి లండన్ కాంస్యం బహ్రెయిన్‌కు నిలిచిన తొలి ఒలింపిక్ పతకం. గల్ఫ్ దేశం తరఫున ఒలింపిక్ పతకం గెలిచిన తొలి మహిళ కూడా జమాలే. సౌదీ అరేబియా, ఖతార్ తొలిసారి మహిళా అథ్లెట్లను ఒలింపిక్స్‌కు పంపింది కూడా ఆ ఏడాదే.

ఆ తర్వాత ఆ ఫైనల్ ఫలితాల పట్టిక ముక్కలైంది. ఆల్ప్‌తెకిన్ 2004లోనే జూనియర్ స్థాయిలో డోపింగ్‌లో దొరికి రెండేళ్ల నిషేధం అనుభవించిన అథ్లెట్. 2015 ఆగస్టులో, ఏళ్ల తరబడి నమోదైన రక్తపరీక్షల రికార్డు అయిన బయలాజికల్ పాస్‌పోర్ట్ ఆధారంగా, ఎనిమిదేళ్ల నిషేధానికి ఒప్పుకుని టైటిల్ వదులుకుంది. 2017లో బులుత్ ఫలితాలు కూడా అదే తరహా ఆధారాలతో రద్దయ్యాయి. దాంతో జమాల్ మొదటి స్థానానికి చేరింది. ఏడో స్థానంలో వచ్చిన బెలారస్ రన్నర్, తొమ్మిదో స్థానంలో వచ్చిన రష్యా రన్నర్ కూడా అనర్హులయ్యారు. 2024 సెప్టెంబరులో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తొమషోవా ఫలితాన్ని రద్దు చేసింది. రేసు జరిగిన పన్నెండేళ్లకు అరెగావీ రెండో స్థానానికి, రౌబరీ మూడో స్థానానికి వచ్చారు. గీత దాటిన మొదటి తొమ్మిది మందిలో ఐదుగురి పేర్లు పోయాయి.

పతకం తర్వాత వచ్చినా వచ్చిందే కదా అనిపించవచ్చు. కానీ రన్నర్‌కు ఆదాయం పతకం నుంచి నేరుగా వచ్చేది తక్కువ, పతకం గెలిచిన తర్వాతి రెండు మూడేళ్లలో వచ్చేది ఎక్కువ. స్పాన్సర్ల ఒప్పందాలు, పెద్ద మీట్లలో హాజరు ఫీజు, దేశం ఇచ్చే ప్రోత్సాహకాలు అన్నీ అప్పటి ర్యాంకు మీద ఆధారపడతాయి. ఆరో స్థానంలో వచ్చిన రౌబరీకి 2012లో పోయిన ఒప్పందాలను 2024 తీర్పు తిరిగి తేలేదు. రేసు తీరు మీద కూడా ప్రభావం ఉంటుంది. ఆ ఐదుగురు లేకుండా ఆ ఫైనల్ జరిగి ఉంటే ఎవరు ఎప్పుడు వేగం పెంచేవారో, ఎవరు గెలిచేవారో ఎవరూ చెప్పలేరు. ఫలితాల పట్టికను సరిచేయవచ్చు, రేసును మళ్లీ పెట్టలేరు.

రక్తం చెప్పే సాక్ష్యం

లండన్ కేసుల్లో పాఠకులను ఎక్కువగా తికమక పెట్టేది బయలాజికల్ పాస్‌పోర్ట్. పాత పద్ధతిలో మూత్రంలోనో రక్తంలోనో నిషేధిత మందు దొరకాలి. ఈపీఓ లాంటివి శరీరంలో కొద్ది రోజులే ఉంటాయి, తీసుకునేవారు తేదీలు లెక్కచూసుకుని తప్పించుకునేవారు. 2009 నుంచి అథ్లెటిక్స్‌లో అమల్లోకి వచ్చిన కొత్త పద్ధతి మందు కోసం కాకుండా దాని ప్రభావం కోసం వెతుకుతుంది. షుగర్ ఉన్నవాళ్ల పాత రిపోర్టులన్నీ డాక్టరు పక్కపక్కన పెట్టి చూసినట్టే, ఒక అథ్లెట్ రక్తాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు. హిమోగ్లోబిన్ ఎంత, కొత్తగా పుట్టిన ఎర్రరక్త కణాల శాతం ఎంత అన్నవి నమోదు చేస్తారు.

బయటి నుంచి రక్తం ఎక్కించుకుంటే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, కానీ ఎముక మజ్జ 'రక్తం చాలినంత ఉంది' అనుకుని కొత్త కణాల ఉత్పత్తి తగ్గిస్తుంది. ఈపీఓ తీసుకుంటే మొదట కొత్త కణాలు పెరుగుతాయి, ఆపేశాక పడిపోతాయి. ఈ రెండు అంకెలు సహజంగా కలిసి నడిచే తీరు చెదిరితే కంప్యూటర్ ఆ రికార్డును పక్కకు తీస్తుంది. తర్వాత నిపుణులు అథ్లెట్ ఎవరో తెలియకుండానే దాన్ని పరిశీలిస్తారు. ఎత్తయిన ప్రదేశంలో సాధన, అనారోగ్యం, రక్తస్రావం లాంటి కారణాలు ఉన్నాయేమో చూస్తారు. అథ్లెట్ వివరణ తీసుకుంటారు, అప్పీళ్లు ఉంటాయి. అందుకే ఈ కేసులు ఏళ్లు పడతాయి. ఆలస్యం వల్ల నష్టం నిజమే, కానీ తొందరపడి శుభ్రమైన అథ్లెట్‌ను శిక్షించే ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి ఈ దశల్ని తీసేయడం పరిష్కారం కాదు. పరీక్షలు ఎక్కువ చేస్తే, ముఖ్యంగా పోటీలు లేని నెలల్లో చేస్తే, కేసు తేలే కాలం తగ్గుతుంది.

భారత రన్నర్ల పతకాల మీద ప్రభావం

2006 దోహా నుంచి 2023 హాంగ్‌ఝౌ దాకా జరిగిన ఐదు ఆసియా క్రీడల్లోనూ మహిళల 1500 మీటర్ల స్వర్ణం బహ్రెయిన్‌దే. మొదటి మూడూ జమాల్ గెలిచింది. 2014 ఇంచియాన్‌లో జమాల్ మొదటి స్థానంలో, ఆమెలాగే ఇథియోపియాలో పుట్టిన మిమి బెలెటె రెండో స్థానంలో నిలిచారు. కేరళకు చెందిన ఓ.పి. జైషకు కాంస్యం వచ్చింది. 2018 జకార్తాలో మళ్లీ అదే వరుస: ఇద్దరు బహ్రెయిన్ రన్నర్లు, తర్వాత పి.యు. చిత్ర. 2023లో కెన్యాలో పుట్టిన విన్‌ఫ్రెడ్ యావీ 1500 మీటర్లు, అడ్డంకులు దాటుతూ పరిగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ రెండూ గెలిచింది. 1500లో హర్‌మిలన్ బైన్స్‌కు, స్టీపుల్‌చేజ్‌లో పారుల్ చౌదరికి రజతాలు దక్కాయి.

ఇవి చూసి మన పతకాలు లాక్కున్నారని అనడం తేలిక. అది పూర్తి నిజం కాదు. యావీ 2024 పారిస్‌లో 8 నిమిషాల 52.76 సెకన్ల ఒలింపిక్ రికార్డుతో స్టీపుల్‌చేజ్ స్వర్ణం గెలిచిన రన్నర్. ఆమె చొక్కా మీద ఏ దేశం పేరున్నా ఆ స్థాయి మారదు. అదే సమయంలో ఖండాల వారీ పోటీల ఉద్దేశమే వేరు. దగ్గర దగ్గర పరిస్థితుల్లో తయారైన అథ్లెట్లు తలపడటానికి అవి పెట్టినవి. తూర్పు ఆఫ్రికాలో తయారైన రన్నర్ ఆసియా పతకం గెలిస్తే రికార్డు పుస్తకంలో తప్పు ఉండదు గానీ ఆ ఉద్దేశం కొంత దెబ్బతింటుంది. జైష, చిత్ర లాంటివారి కాంస్యాలను చదివేటప్పుడు ఈ నేపథ్యం గుర్తుంచుకోవడం న్యాయం.

డోపింగ్ వల్ల నేరుగా జరిగిన నష్టం మాత్రం వేరు. 2018 జకార్తాలో 4×400 మిక్స్‌డ్ రిలేలో బహ్రెయిన్ గెలిచింది, భారత్ రెండో స్థానం. ఆ జట్టులోని కెమీ అడెకోయా డోపింగ్‌లో దొరకడంతో స్వర్ణం భారత జట్టుకు వచ్చింది. అడెకోయా మొదటి స్థానంలో నిలిచిన మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌లో కూడా వరుస మారి, నాలుగో స్థానంలో ఉన్న అను రాఘవన్‌కు కాంస్యం దక్కింది.

పరీక్షల విషయంలో అన్నిటికన్నా బాధాకరమైన ఘటన 2006 దోహా 800 మీటర్ల రేసుది. జమాల్ గెలిచిన ఆ రేసులో తమిళనాడుకు చెందిన శాంతి సౌందరరాజన్ రెండో స్థానంలో వచ్చింది. లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో ఆమె రజతం వెనక్కి తీసుకున్నారు. ఆమె ఏ మందూ తీసుకోలేదు, ఎవరినీ మోసం చేయలేదు. ఒకే పోడియం మీద నుంచి పోయిన పతకాలన్నీ ఒక్కటి కావని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అందరిదీ ఒకే కథ కాదు

'కొనుక్కున్న అథ్లెట్లు' అనే మాట బహ్రెయిన్ విషయంలో తరచూ వినిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద చాలా భిన్నమైన జీవితాలు కలిసిపోతున్నాయి. జమాల్ ముందు ఆశ్రయం కోరింది, తర్వాతే పాస్‌పోర్ట్ వెతుక్కుంది. 400 మీటర్ల మాజీ ప్రపంచ చాంపియన్ సల్వా ఈద్ నాసర్ నైజీరియాలో పుట్టినా ఆమె తండ్రి బహ్రెయినీ. రూత్ జెబెట్ టీనేజీలోనే కెన్యా నుంచి వెళ్లి, 2016 రియోలో స్టీపుల్‌చేజ్ స్వర్ణం గెలిచి, అదే నెలలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. తర్వాత ఈపీఓ కేసులో నాలుగేళ్ల నిషేధానికి గురైంది, రియో పతకం మాత్రం నిలిచింది. టీనేజీలో దేశం మారిన రన్నర్ల గురించే ఎక్కువ ఆందోళన ఉండాలి. ఆ వయసులో ఒప్పందంలో ఏముందో చదివేది ఎవరు, గాయమైతే చూసేది ఎవరు, కెరీర్ ముగిశాక ఆ పౌరసత్వం కొనసాగుతుందా అన్నవి పెద్దలు తేల్చాల్సిన ప్రశ్నలు.

బహ్రెయిన్ సమాఖ్య కూడా బాధ్యత నుంచి తప్పించుకోలేకపోయింది. డోపింగ్ ఉల్లంఘనలకు సంబంధించి, ఈ క్రీడలో అక్రమాలను విచారించే అథ్లెటిక్స్ ఇంటెగ్రిటీ యూనిట్ 2024లో దాని మీద ఆంక్షలు పెట్టింది. పారిస్ ఒలింపిక్స్‌కు పంపే అథ్లెట్ల సంఖ్య మీద పరిమితి వాటిలో ఒకటి. వ్యక్తిగత అథ్లెట్‌తో పాటు వ్యవస్థను కూడా జవాబుదారీ చేయడం ఈ రంగంలో ఆలస్యంగా వచ్చిన మంచి మార్పు.

2018 తర్వాత నిబంధనలు

ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2017 ఫిబ్రవరిలో దేశం మార్పిడులను పూర్తిగా ఆపేసింది. 2018 జులైలో కొత్త నిబంధనలతో మళ్లీ అనుమతించింది. ఇప్పుడు దేశం మారితే మూడేళ్లు ఆగాలి. ఇరవై ఏళ్లు నిండకముందు మారడానికి వీల్లేదు. జీవితంలో ఒక్కసారే మారొచ్చు. కొత్త దేశం పూర్తి పౌరసత్వ హక్కులు ఇస్తోందని ఆధారాలు చూపాలి. టీనేజీ రన్నర్లను తీసుకెళ్లే దారి దీనితో చాలావరకు మూసుకుంది. అయితే ఈ నిబంధనలు ప్రధానంగా ఒక దేశానికి ఆడి మరో దేశానికి మారేవారికి. ఏ దేశానికీ ఆడకముందే వెళ్లిపోయినవారి విషయం ఇప్పటికీ కొంత చిక్కే.

భారత్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. 2008 నుంచి ఉన్న క్రీడా విధానం ప్రకారం భారత పాస్‌పోర్ట్ ఉన్నవారే దేశానికి ఆడాలి, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు సరిపోదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన తెలుగువారి అమ్మాయి స్కూల్ స్థాయిలో 800 మీటర్లలో ఎంత బాగా పరిగెత్తినా, భారత జెర్సీ వేసుకోవాలంటే అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. ఒక దేశం ఏ బంధుత్వమూ లేనివారికి కూడా తలుపు తీస్తుంటే, ఇంకొకటి సొంత మూలాలున్నవారికీ తీయడం లేదు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉండాలన్న వాదనలో బలం ఉంది.

జమాల్ లాంటి వారికి ఇవాళ ఏం మారిందో చూడాలంటే మళ్లీ స్విట్జర్లాండ్‌కే వెళ్లాలి. 2016 రియోలో తొలిసారి శరణార్థుల ఒలింపిక్ జట్టు పది మందితో బరిలోకి దిగింది. అందులో లక్సెంబర్గ్‌లో ఆశ్రయం పొందిన ఇథియోపియా మారథానర్ యోనస్ కిండే ఉన్నాడు. దక్షిణ సూడాన్‌లో పుట్టిన డొమినిక్ లొబాలు 2019 నుంచి స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాడు. పాస్‌పోర్ట్ లేకపోయినా ప్రపంచ అథ్లెటిక్స్ అనుమతితో 2024 యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో స్విస్ జట్టుకు ఆడి 10,000 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఒలింపిక్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. రెండు నెలల తర్వాత పారిస్‌లో శరణార్థుల జట్టు తరఫున 5000 మీటర్లు పరిగెత్తి, సెకనులో 0.14 వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచాడు. స్విస్ పౌరసత్వానికి కావాల్సిన నివాస కాలం ఇప్పుడు పన్నెండు నుంచి పదేళ్లకు తగ్గింది. ఆ లెక్కన లొబాలు సాధారణ పద్ధతిలో అర్హత పొందేది 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ అయిపోయాకే.